ఆంధ్రలో సెంట్లు, తెలంగాణలో గుంటలు: ఒకే ఎకరానికి రెండు లెక్కలెందుకు?

ఎకరం అటైనా ఇటైనా ఒక్కటేనా, అయితే ఒకచోట సెంట్లు, ఇంకోచోట గుంటలు ఎందుకొచ్చాయి, పాసుపుస్తకంలో చుక్క తర్వాత అంకెని ఎలా చదవాలి అని అడిగారు. నా పుట్టిల్లు తెనాలి దగ్గర, మెట్టినిల్లు సూర్యాపేట దగ్గర. కాబట్టి రెండు లెక్కలూ ఇంట్లోనే అలవాటయ్యాయి.

ఎకరం ఎక్కడైనా 4,840 గజాలే, అంటే 43,560 చదరపు అడుగులు. ఆంధ్రలో దాన్ని వంద భాగాలు చేసి సెంటు అంటాం, తెలంగాణలో నలభై భాగాలు చేసి గుంట అంటారు. గుంటకి 121 గజాలు, సెంటుకి 48.4 గజాలు. గుంటకి రెండున్నర సెంట్లు అన్నది ఒక్కటి గుర్తుంటే మిగతాదంతా నోటిలెక్కే.

ఇక ఎందుకు అంటే, అంతా కొలిచే గొలుసులో ఉంది. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషు గణితవేత్త 66 అడుగుల గొలుసు తయారుచేశాడు. అందులో వంద లింకులు. ఆ గొలుసుతో పది చదరాలు కొలిస్తే సరిగ్గా ఎకరం, అంటే లక్ష చదరపు లింకులు. అందులో వందో వంతు, వెయ్యి చదరపు లింకులు, మన సెంటు. మద్రాసు ప్రెసిడెన్సీ సర్వేలో ఈ లెక్క స్థిరపడింది. కోస్తా, రాయలసీమలతో పాటు తమిళనాడులోనూ ఇప్పటికీ సెంట్లే వినిపించేది అందుకే.

బొంబాయి ప్రెసిడెన్సీ వాళ్లు అందులో సగం, 33 అడుగుల గొలుసు వాడారు. దానికి లింకులు కాదు, రూపాయికున్నట్టు పదహారు అణాలు! 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చదరం ఒక గుంట, 1,089 చదరపు అడుగులు. నిజాం రాజ్యంలో రెవెన్యూ సర్వే పెట్టినప్పుడు ఈ బొంబాయి పద్ధతినే తెచ్చుకున్నారు. మరాఠ్వాడా కూడా అప్పట్లో నిజాం కిందే ఉండేది, పక్కనే బొంబాయి. ఇవాళ మహారాష్ట్ర రైతుకి, కర్ణాటక రైతుకి గుంటంటే వెంటనే అర్థమవుతుంది, మా తెనాలి రైతుకి మాత్రం విడమరిచి చెప్పాలి.

అసలు చిక్కు కాగితం మీద వస్తుంది. మా పెళ్లి మాటలప్పుడు మామగారు పాసుపుస్తకం ముందు పెట్టారు. విస్తీర్ణం దగ్గర 2-20 అని ఉంది. మా పెదనాన్న చూసి, "రెండెకరాల ఇరవై సెంట్లన్నమాట" అన్నారు. మామగారు నవ్వి, "ఇరవై గుంటలు బావగారూ, రెండున్నర ఎకరాలు" అన్నారు. తేడా 30 సెంట్లు, అంటే 1,452 గజాలు. ఇప్పుడు సూర్యాపేట చుట్టుపక్కల ప్లాట్ల ధరలు చూస్తే అది నవ్వి ఊరుకునే తేడా కాదు.

కంప్యూటర్‌తో ఇంకో తంటా ఉంది. ఆంధ్రలో 2.20 నిజంగానే దశాంశం, కూడినా గుణించినా ఇబ్బంది లేదు. తెలంగాణలో ఆ చుక్క దశాంశం కాదు, ఎకరాలని గుంటలని విడదీసే గీత లాంటిది. అన్నదమ్ముల వాటాలు 1.25, 1.25 అని ఎక్సెల్‌లో వేసి కూడితే 2.50 వస్తుంది. అసలు మొత్తం మూడెకరాల పది గుంటలు. దాన్ని రెండున్నర ఎకరాలని చదివేస్తే 30 గుంటలు గాల్లో కలిసినట్టే. ఎకరాలు ఒక గడిలో, గుంటలు ఇంకో గడిలో వేసుకుని, గుంటల మొత్తం నలభైకి చేరినప్పుడల్లా ఆ నలభై తీసేసి ఒక ఎకరం అటు కలపండి. మా మరిది పంపకాల కాగితం అలాగే రాశాడు, ఎవరూ కిక్కురుమనలేదు.

చూడగానే పోల్చుకోవడానికి ఒక గుర్తు: గుంటల లెక్కలో చుక్క తర్వాత అంకె 39 దాటదు. 45 అనో 72 అనో కనబడితే అవి సెంట్లే. 39 లోపు ఉంటే మాత్రం అంకెని బట్టి తేల్చలేం, భూమి ఏ జిల్లాలో ఉందో చూడాల్సిందే. అలాగే తెలంగాణ కాగితాల్లో అయిదు గుంటలని 05 అని రాస్తారు. ఆ సున్నా వదిలేసి 2.5 అని ఫోన్‌లో మెసేజ్ పెట్టారంటే అవతలివాళ్లు రెండున్నర ఎకరాలనుకుంటారు.

ఇళ్ల స్థలాల దగ్గరికొస్తే హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ గజాలే నడుస్తాయి కాబట్టి అక్కడ గొడవ లేదు. నెల్లూరు, తిరుపతి వైపు కొనేటట్టయితే మాత్రం అంకణాలు చెబుతారు. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. బేరం మొదలుపెట్టకముందే ఎన్ని అడుగుల అంకణమో అడిగేయండి.