వెలిగొండల మీద పిల్లలకోడి: ఏ నెలలో, ఎక్కడ నిలబడి, ఏ లెన్స్‌తో తీయాలి?

మీ దగ్గర క్రాప్ సెన్సర్ కెమెరా, 18-55 కిట్ లెన్స్, 50 ఎంఎం ఎఫ్ 1.8, ట్రైపాడ్ ఉన్నాయన్నారు. డిసెంబరు, జనవరుల్లో ఉదయగిరి వైపు వెళ్లి తీస్తే కొండ వచ్చిన ఫొటోలో కృత్తికలు (అదే, పిల్లలకోడి చుక్కల గుంపు) లేవు, కృత్తికలు వచ్చిన ఫొటోలో కొండ లేదు, వచ్చినవీ తెల్ల మచ్చలా ఉన్నాయన్నారు.

కెమెరా మార్చక్కర్లేదండీ, నెల మార్చండి. కృత్తికలు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీతకు) 24 డిగ్రీలు ఉత్తరాన ఉంటాయి. నెల్లూరు అక్షాంశం 14.4. ఈ రెంటికీ తేడా పది డిగ్రీలే కాబట్టి మన దగ్గర అవి దాదాపు నడినెత్తికి, 80 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతాయి. జనవరి మధ్యలో రాత్రి ఎనిమిదింబావు, ఎనిమిదిన్నర మధ్య సరిగ్గా అక్కడే ఉంటాయి. ఆ ఎత్తులో ఉన్నదాన్ని కొండతో కలిపి ఒకే ఫ్రేములో పెట్టడానికి ఫిష్ఐ లాంటి, ఆకాశమంతా పట్టే లెన్స్ కావాలి, అందులో కృత్తికలు ఆవగింజంత. అందుకని అవి ఉదయించేటప్పుడో అస్తమించేటప్పుడో పట్టుకోవాలి.

కృత్తికలు ఉదయించేది తూర్పు-ఈశాన్యంలో, 65 డిగ్రీల దిశలో (ఉత్తరం సున్నా, తూర్పు 90, పడమర 270 లెక్కన). అటు మైపాడు లాంటి తీరాలు ఉన్నాయి, కానీ సాయంత్రం పూట అవి పైకొచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. ఆ రెండు నెలలూ మనకు వానలు, తుఫాన్లు. పైగా సముద్రం మీద తేమ, పడవల దీపాలు, లెన్స్ మీద ఉప్పు పొర. ఆ పక్క వదిలేయమనే నా సలహా. అస్తమయం 295 డిగ్రీల దిశలో, అంటే పడమర నుంచి పాతిక డిగ్రీలు ఉత్తరానికి. జిల్లా పడమటి అంచున ఉన్నవి వెలిగొండలే కదా, ఆకాశం కూడా అటే నల్లగా ఉంటుంది.

ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా సీజను. మార్చి మధ్యలో రాత్రి తొమ్మిదిన్నరకు కృత్తికలు 20 డిగ్రీల ఎత్తులో, 291 డిగ్రీల దిశలో ఉంటాయి, పదకొండుకు అస్తమిస్తాయి. నెల ముందైతే రెండు గంటలు ఆలస్యం. 20 నుంచి 13 డిగ్రీలకు దిగడానికి అరగంటే పడుతుంది. మీ పనంతా ఆ అరగంటలోనే.

అసలు కిటుకు నిలబడే చోటులో ఉంది. శిఖరం మీ కంటికి 10-12 డిగ్రీల ఎత్తున కనబడాలి. కొండ ఎత్తును దూరంతో భాగిస్తే 0.2 రావాలి: మైదానం నుంచి 600 మీటర్లు లేచిన కొండకు 3 కిలోమీటర్లు. దగ్గరగా వెళ్తే కృత్తికలు కొండ వెనక్కి ముందే జారిపోతాయి, మరీ దూరం పోతే కొండ గట్టులా కనిపిస్తుంది. కొండకు తూర్పు-ఆగ్నేయంగా, శిఖరం 291 డిగ్రీల దిశలో పడేట్టు నిలబడండి. 3 కిలోమీటర్ల దూరంలో మీరు పక్కకు 50 మీటర్లు జరిగితే శిఖరం ఆకాశంలో ఒక డిగ్రీ జరుగుతుంది. కృత్తికల గుంపు వెడల్పు కూడా సుమారు అంతే. కాబట్టి చెరువు కట్టో పొలం బాటో, అటూ ఇటూ నడవడానికి వీలున్న చోటు చూసుకోండి. స్టెల్లేరియం అనే ఆకాశపటం యాప్‌లో ఆ తేదీ పెట్టి పగలే సరిచూసుకోండి. ఫోన్ దిక్సూచి బైకు పక్కన పెట్టి చూస్తే మాత్రం తప్పు చూపిస్తుంది. పెంచలకోన లాంటి చోట్ల రాత్రి అడవిలోకి పోవద్దు, ఎలుగుబంట్లు తిరుగుతాయి. మూడు కిలోమీటర్ల దూరం కావాలన్నాక లోపలికి పోవాల్సిన అవసరమే లేదు.

లెన్స్ 50 ఎంఎం చాలు, కెమెరా నిలువుగా పెట్టండి. నిలువున 26 డిగ్రీలు వస్తుంది: కింద నేల 3, కొండ 11, ఆపైన ఆకాశం. కిట్ లెన్స్‌లో 18 దగ్గర కృత్తికల గుంపు 80 పిక్సెళ్లు దాటదు, మీకు మచ్చలా కనిపించింది అందుకే. 50లో 220 పిక్సెళ్లు, చుక్కలు విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. 85 ఎంఎం ఇంకా బాగుంటుంది గానీ కొండ అడుగు తెగిపోతుంది.

ఎపర్చర్ ఎఫ్ 2.5. పూర్తిగా తెరిస్తే అంచుల్లో చుక్కలకు రెక్కలొస్తాయి. ఐఎస్ఓ 1600, ఎక్స్‌పోజర్ 3 సెకన్లు, రా ఫార్మాట్. 500 సూత్రం (500ను లెన్స్ ఎంఎంతో, మళ్లీ క్రాప్ సెన్సర్ కాబట్టి 1.5తో భాగించడం) పట్టుకుని 6-7 సెకన్లు తీస్తే చుక్కలు గీతలవుతాయి. 3 సెకన్లలోనే అవి రెండున్నర పిక్సెళ్లు కదులుతాయి. ఐఎస్ఓ 6400కి పెంచితే ప్రకాశవంతమైన చుక్కలు తెల్లగా మాడిపోయి నీలం రంగు పోతుంది. ఆ నీలమే కదా వాటి అందం! షట్టరును తనంతట తనే నొక్కే ఇంటర్వెలోమీటర్‌తో 120 ఫ్రేములు వరసగా తీసి, తర్వాత నాయిస్ తీసేయడానికి లెన్స్ మూత పెట్టి అదే సెట్టింగుతో మరో 20 తీయండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయాలి, లేకపోతే ప్రతి ఫ్రేముకూ రెట్టింపు టైము తింటుంది. తర్వాత ఫ్రేములను ఒకదానిమీద ఒకటి కలిపే సాఫ్ట్‌వేర్ సీక్వేటర్‌లో ఫ్రీజ్ గ్రౌండ్ (నేలను కదలకుండా ఉంచే ఆప్షన్) పెట్టి, ఆకాశం భాగాన్ని బ్రష్‌తో దిద్ది కలపండి. అది పెట్టకపోతే కొండ అంచు పొగలా చెదురుతుంది.

ఫోకస్ కృత్తికల మీద చేయకండి. లైవ్ వ్యూ పదిరెట్లు పెంచి, సిరియస్ మీద చుక్క అతి చిన్నదయ్యేదాకా రింగు తిప్పి టేపు వేయండి. గంటకోసారి మళ్లీ చూసుకోండి, చల్లబడేకొద్దీ ఫోకస్ జరుగుతుంది. చెరువు పక్కన ఫిబ్రవరిలో మంచు పడుతుంది. యూఎస్‌బీ హీటర్ పట్టీ లెన్స్‌కు చుట్టేయండి.

చుక్కల ఫొటోతో తర్వాత కలపడానికి కొండ ఫొటో విడిగా, సూర్యాస్తమయం తర్వాత 25-30 నిమిషాలకు, అదే ట్రైపాడ్ అదే చోట ఉండగానే తీసేయండి. తూర్పు ఆకాశం మెత్తటి వెలుతురు కొండ ముఖం మీద పడే వేళ అది. తర్వాత చీకట్లో నిమిషం ఎక్స్‌పోజర్ పెట్టినా వచ్చేది నల్లటి బొమ్మే. ఏప్రిల్లో ఎదురుచూపు గంటన్నరకు మించదు, ఫిబ్రవరిలో మాత్రం ట్రైపాడ్‌కు కాపలా ఉండాల్సిందే.

చంద్రుడి వెలుగు అడ్డు రాకుండా తిథి బహుళ అష్టమి నుంచి శుద్ధ విదియ దాకా చూసుకోండి. ఫాల్గుణ శుద్ధ పంచమి ప్రాంతంలో చంద్రుడు కృత్తికల పక్కనే కూర్చుంటాడు. ఇక 15 డిగ్రీల ఎత్తులో వెలుగు నాలుగు రెట్లు మందమైన గాలిలోంచి రావాలి. వేసవి దుమ్ము, కొండల్లో కార్చిచ్చు పొగ ఉన్న రోజు ఏం చేసినా రాదు. కృత్తికలు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు ఒట్టి కంటితో చూడండి. ఆరూ విడిగా కనిపిస్తే ఉండండి, మసకగా ఒక ముద్దలా ఉంటే సామాను సర్దేయండి.

చుక్కల చుట్టూ నీలి పొగలాంటి ధూళి రావాలంటే మాత్రం ఈ పద్ధతి చాలదు. దానికి ట్రాకర్ (చుక్కలతో పాటు కెమెరాను తిప్పే పరికరం) మీద కనీసం గంట ఎక్స్‌పోజర్ కావాలి, అదీ కృత్తికలు 40 డిగ్రీల పైన ఉన్నప్పుడు. ట్రాకర్ సరిచేయడానికి ధ్రువ నక్షత్రం కనబడాలి, మన దగ్గర అది పదిహేను డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఉత్తరాన ఒక తాటిచెట్టున్నా చాలు దాక్కుంటుంది.