పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలో ఐటీలో చేరవచ్చా?

క్లాసులో వందల మంది ఉంటారట, ప్రొఫెసర్‌కి మన పేరు కూడా తెలియదట, అలాంటి చోట ఐటీ చదివితే ఏమైనా వస్తుందా అని అడిగారు. నేను అలాంటి చోటే చదివాను. ధైర్యంగా చేరండి. అక్కడ జనం ఎక్కువ కావడమే మీకు కలిసొచ్చేది.

మా డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే లినక్స్ సర్వర్. ల్యాబ్‌లో ఏ సీట్లో కూర్చున్నా దాంట్లోకే లాగిన్ అవ్వాలి, అసైన్‌మెంట్లు పెట్టాల్సిందీ అందులోనే. ఆపరేటింగ్ సిస్టమ్స్ అసైన్‌మెంట్ గడువు ముగిసే రాత్రి ఎవరో ఫోర్క్‌ని (నడుస్తున్న ప్రోగ్రాం, అంటే ప్రాసెస్, తనలాంటిదే ఇంకోదాన్ని పుట్టించే ఆదేశం) ఆగని లూప్‌లో పెట్టి వదిలారు. ఒక ప్రాసెస్ ఇంకోదాన్ని పుట్టిస్తుంది, అది మరోదాన్ని. క్షణాల్లో ప్రాసెస్ టేబుల్, అంటే సర్వర్ తన ప్రాసెస్‌లను నమోదు చేసుకునే పట్టిక, నిండిపోయింది. ఏ కమాండ్ కొట్టినా ఫోర్క్ కుదరలేదన్న ఎర్రరే. ల్యాబంతా గోల, టెన్షన్.

ల్యాబ్ చూసుకునే సీనియర్ అన్న సర్వర్ రూమ్‌కి పరిగెత్తాడు, వెనకాలే నేనూ వెళ్లాను. సర్వర్‌కి నేరుగా తగిలించిన తెరలో, అంటే కన్సోల్‌లో, పూర్తి అధికారముండే రూట్ లాగిన్ ముందే తెరిచి ఉండటం మా అదృష్టం. నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే పీఎస్ కమాండ్ కొడదామంటే అదీ కొత్త ప్రాసెసే, పుట్టడానికి చోటు లేదు. "రీబూట్ చేసేయ్ అన్నా" అన్నాను. "చేస్తే సేవ్ చేయనివాళ్ల పనంతా పోతుంది" అన్నాడు. తెరమీద చూపే ఎకో, చదివే రీడ్, ప్రాసెస్‌లకు సిగ్నల్ పంపే కిల్ అనే కమాండ్లు మాత్రం, మనం టైప్ చేసే కమాండ్లను అందుకునే బ్యాష్ అనే ప్రోగ్రాం లోపలే ఉంటాయి, వాటికి కొత్త ప్రాసెస్ అక్కర్లేదు. ఎకోతో, నడుస్తున్న ప్రతి ప్రాసెస్ నంబరూ ఉండే ప్రాక్ డైరెక్టరీలోని నంబర్లన్నీ తెరమీదికి రప్పించాడు. రీడ్‌తో వాటి స్టేటస్ ఫైళ్లు చదివిస్తూ ఆ ప్రోగ్రాం పేరున్నవి ఏరాడు. వెంటనే చంపలేదు. ఒకటి చస్తే ఆ ఖాళీలో ఇంకోటి పుడుతుంది కదా! ముందు అన్నిటికీ స్టాప్ సిగ్నల్ పంపి, ఎక్కడివక్కడ ఆగాక కిల్ పంపాడు. ఆ తర్వాత ఒక్కో యూజర్‌కి ఇన్ని ప్రాసెస్‌లే అని హద్దు పెట్టాడు.

ప్రాసెస్ అంటే ఏమిటో నాకు ఆ రాత్రే ఒంటబట్టింది. సొంత ల్యాప్‌టాప్‌లో అయితే పవర్ బటన్ నొక్కి పడుకునేవాణ్ణి.

అందరూ వాడే వ్యవస్థ మొరాయించినప్పుడే అసలు విద్య పుడుతుందని నా నమ్మకం. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ, కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్‌కీ మధ్య ఇంటర్నెట్ వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. రెంటి మధ్య దూరం 400 గజాలే! ఎందుకిలా అయిందని ఆ ల్యాబ్‌లోని వాన్ జేకబ్సన్, ఆ క్యాంపస్‌లోని మైక్ కారెల్స్ తవ్వితే, రద్దీని బట్టి టీసీపీ (ఇంటర్నెట్‌లో డేటాను చేరవేసే నియమావళి) తనంతట తాను వేగం తగ్గించుకునే పద్ధతి బయటికొచ్చింది. జేకబ్సన్ 1988లో దాని మీద పేపర్ రాశాడు. మొజాయిక్ బ్రౌజర్ 1993లో వచ్చిందీ ఇల్లినాయ్ యూనివర్సిటీ నుంచే, అదీ ప్రభుత్వానిదే.

ఇప్పుడు చాలా చోట్ల ఈ ఉమ్మడి సర్వర్లు తీసేసి తలా ఒక వర్చువల్ మెషిన్ (ఒక కంప్యూటర్ లోపలే వేరుగా నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) ఇస్తున్నారు. నాకు ఇది అస్సలు నచ్చదు. ఎవడి గది వాడిదైపోతే పక్కవాడు చేసే పనికి మనం ఎలా తట్టుకోవాలో ఎప్పుడు నేర్చుకుంటాం? ఇంకో బాధ, పరీక్షల్లో కోడ్‌ని పేపర్ మీద రాయించడం. సెమికోలన్ మరిచిపోతే కంపైలర్ ఒక్క లైన్‌లో చెప్పేస్తుంది, దానికి మార్కులు కోయడం అన్యాయం. ఎర్రర్ చదివి తప్పు పట్టుకోవడం వచ్చా లేదా అన్నది మాత్రం ఎవరూ పరీక్షించరు.

ప్రొఫెసర్‌కి పేరు తెలియదన్న బెంగ వద్దు. ప్రొఫెసర్‌ని కలిసి సందేహాలు అడిగే ఆఫీస్ అవర్స్‌కి పరీక్షల ముందు తప్ప పెద్దగా ఎవరూ వెళ్లరు, రెండు వారాలు వరసగా వెళ్లండి, ఆయనే పేరు పెట్టి పిలుస్తారు. చేరేముందు మాత్రం అక్కడి సీనియర్లను ఒకటి అడగండి, సర్వర్ల బాధ్యత విద్యార్థులకు ఇస్తారా అని. ఇస్తామంటే మొదటి సెమిస్టర్‌లోనే ఆ పనికి పేరు ఇచ్చేయండి.