ఫోర్ వీల్ డ్రైవ్ వైరింగ్ విప్పబోతున్న అమ్మాయికి

చిరంజీవి తల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ట్రక్కులో ఫోర్ వీల్ డ్రైవ్ పడడం లేదనీ, స్విచ్ తిప్పినప్పుడు దాని దీపం మిణుకుమిణుకుమని ఆరిపోతోందనీ, ఆ లోపాన్ని నీవే వెతికి పట్టుకోదలచావనీ మీ నాన్న చెప్పగా విన్నాను. విన్నప్పుడు గర్వం కలిగింది. రాత్రి మాత్రం సరిగా నిద్ర పట్టలేదు.

నా భయం షాకు గురించి కాదు. ఇంజను శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే గేరు పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఉండే చిన్న షిఫ్ట్ మోటారు గురించి. టూ వీల్ నుంచి ఫోర్ వీల్‌కూ, మామూలుగా నడిపే హై నుంచి, ఎక్కువ బలంతో నెమ్మదిగా నడిపే లో రేంజ్‌కూ గేర్లను మార్చేది అదే. చాలా బండ్లలో హైకీ లోకీ నడుమ న్యూట్రల్ ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు అక్కడ ఆగిపోయిందంటే, బండిని గేరులో వదిలినా, పార్కులో పెట్టినా చక్రాలకు పట్టు ఉండదు, బండి దొర్లిపోతుంది. నీవు కింద పడుకుని మోటారుకు నేరుగా బ్యాటరీ వైర్లు తగిలించి చూసే సమయంలోనే అలా జరగవచ్చు. చదునైన నేల, హ్యాండ్ బ్రేకు, చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు, వీటిలో ఏది లేకున్నా బండి కిందకు వెళ్లవద్దు. మీ నాయనమ్మ మొండితనం నీకు వచ్చిందని నాకు తెలుసు. దానిని ఇక్కడ చూపితే నేను ఊరుకోను.

తేలిక పనులు ముందు ముగించు. ఇంజను ఆపి ఉన్న బ్యాటరీలో సుమారు 12.6 వోల్టులు ఉండాలి. ఫ్యూజులను కంటితో కాక మీటరుతో చూడు, పోయిన ఫ్యూజు చోట ఎక్కువ ఆంపియర్లది వేయకు. లో రేంజ్ పడాలంటే చాలా బండ్లు దాదాపు నిలిచి ఉండాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ఆ షరతు తీరకపోతే దీపం మిణుకుమనడం లోపమే కాదు. బండి కంప్యూటరులో నమోదైన లోపాల కోడ్లను చదివే స్కానరు, ఇంజను కోడ్లతో పాటు సి అక్షరంతో మొదలయ్యే ఛాసిస్ కోడ్లను కూడా చదివేదై ఉండాలి.

కోడు వచ్చిన తరువాతే అసలు ప్రమాదం. నేను పనిలో చేరిన కొత్తలో మా షెడ్డులోని ఒక పెద్ద మెకానిక్ ఇలాంటి బండికే మోటారు సర్క్యూట్ కోడు చూసి మోటారు మార్చాడు. లోపం పోలేదు. మోటారును నడిపే చిన్న కంప్యూటరు, అంటే కంట్రోల్ మాడ్యూల్‌కు వైర్లను కలిపే కప్లరు విప్పి, కరెంటు వచ్చే సప్లై పిన్నుకూ తిరిగి వెళ్లే ఎర్త్ పిన్నుకూ మధ్య మీటరు పెడితే 12 వోల్టులకు పైగా చూపింది. వైరింగ్ బాగుందని తేల్చి, మాడ్యూల్ కూడా మార్చాడు. బిగించేటప్పుడు కదిలిన వైరు కాసేపు అంటుకోవడంతో బండి పనిచేసింది, యజమాని డబ్బు కట్టి సంతోషంగా వెళ్లాడు. బండి మీదే బతికే మనిషి అతడు. కొద్దిరోజుల్లోనే అదే లోపంతో తిరిగి వచ్చి, కోపపడకుండా, ఇప్పుడేం మార్చాలని అడిగినప్పుడు అతని ముఖం ఎలా ఉందో నేను ఈనాటికీ మరవలేదు.

అప్పుడు మా మేస్త్రీ కప్లరును తగిలించే ఉంచి, దాని వెనుక నుంచి ఎర్త్ పిన్నుకు మీటరు ఒక కొన, బ్యాటరీ నెగటివ్‌కు రెండో కొన ఆనించి, స్విచ్ తిప్పమన్నారు. సున్నాకు దగ్గరగా ఉండవలసిన చోట 4 వోల్టులు కనిపించాయి. ఛాసిస్‌కు ఎర్త్ వైరు బిగించిన బోల్టు కింద తుప్పు పట్టి ఉంది. గీకి బిగించగానే మోటారు తిరిగింది. మీటరు తీసుకునే కరెంటు అతి స్వల్పం కాబట్టి, వైరులో ఒక్క పోగు మిగిలినా అది పూర్తి వోల్టేజీ చూపుతుంది. తుప్పు పట్టిన గొట్టంలో కుళాయి కట్టి ఉన్నంతసేపు ఒత్తిడి నిండుగా ఉండి, తిప్పగానే సన్నని ధార పడినట్లే ఇది. అందుకే పరీక్ష లోడు మీదే, అంటే మోటారుకు కరెంటు పారుతున్నప్పుడే జరగాలి. మోటారు కొద్ది సెకన్లే తిరుగుతుంది గనుక, మీటరులో గరిష్ఠ విలువను నిలిపే అమరిక ఉంటే వాడు. ఎర్త్ వైపు 0.2 వోల్టుల కంటే ఎక్కువ కనిపిస్తే ముందు ఆ దారినే బాగుచేయి.

వైరు తొడుగుకు సూది గుచ్చి కొలవవద్దు తల్లీ. ఆ రంధ్రంలో నీరు చేరి, కొన్నాళ్లకు లోపల రాగి ఆకుపచ్చ చిలుము పట్టిపోతుంది. కప్లర్లలోనూ అదే చిలుము కోసం చూడు. సైలెన్సర్ గొట్టం పక్కన, ఛాసిస్ అంచుల మీద, యాక్సిల్‌తో పాటు కదిలే చోట వైర్లను మెల్లగా కదిలిస్తూ మీటరు చూడు. మోటారులోని పొజిషన్ సెన్సారు వైర్లు సన్ననివి. మోటారు ఏ స్థానంలో ఉందో తెలియకపోతే మాడ్యూల్ దానిని కదపకపోవచ్చు. మోటారు తిరిగినా ముందు చక్రాలు లాగకపోతే, ముందు యాక్సిల్‌ను కలిపే యాక్చుయేటరును చూడాలి.

బాగయ్యాక వదులు మట్టి మీద నడిపి చూడు. పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపు తిప్పితే గేర్లు బిగుసుకుంటాయి.

ఏ కప్లరు, ఏ రంగు వైరు, స్విచ్ తిప్పక ముందు ఎంత, తిప్పినప్పుడు ఎంత అని కాగితం మీద రాసుకుని నాకు ఫోటో పంపు. ఏ విడిభాగమైనా కొనబోయే ముందే పంపు. ఎంత రాత్రయినా ఫోను ఎత్తుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న