కుట్టుపని ఇష్టపడే పిల్లకు ఏం కొనాలి

అమ్మడూ,

పాప పుట్టినరోజుకి కుట్టుపనికి పనికొచ్చేదేదైనా ఇవ్వాలని ఉంది, ఏం కొనాలో తెలియడం లేదని రాశావు. నలభై ఏళ్లుగా మిషన్ కుడుతున్నదాన్ని కాబట్టి ఈ ఒక్క విషయంలో నీకు ధైర్యంగా చెప్పగలను.

కొనడానికి ముందు ఒక పని చెయ్యి. పాప గుడ్డ కత్తిరించుకుంటున్నప్పుడు పక్కన కాసేపు ఊరికే కూర్చో. ఏమీ అడగకు, చేతులు చూడు. కత్తెర మొన దగ్గరికి వచ్చేసరికి గుడ్డ తెగకుండా రెండు రెక్కల మధ్య మడతపడి నలుగుతోందా? అదే చోట రెండోసారి, మూడోసారి కత్తెర ఆడిస్తోందా? అలా అయితే ఇక ఆలోచించకు, మంచి కత్తెర కొను. గుడ్డకోసమే చేసిన 8 అంగుళాలది, పిడి కాస్త పైకి వంగి ఉండేది తీసుకో. కింది రెక్క బల్లకి ఆనుకుని సాగుతుంది కాబట్టి గుడ్డ పైకి లేవదు, గీత తప్పదు. పాపది ఎడమచేతి వాటమైతే ఎడమచేతి కత్తెరే అడుగు. మామూలు కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే రెక్కలు ఒకదానికొకటి దూరంగా జరుగుతాయి, కోసే గీత కూడా కనబడదు. కాగితం కోస్తే గుడ్డ కత్తెర పదును పోతుంది. అందుకే పిడికి ఒక రంగు రిబ్బన్ ముక్క కట్టి ఇవ్వు. అది కట్టి ఉన్న కత్తెర జోలికి ఎవరూ రాకూడదని ఇంట్లో అందరికీ నువ్వే చెప్పు. పిల్ల మాట పెద్దవాళ్లు వినరు.

వంద వస్తువులున్న కుట్టుపెట్టె చూడ్డానికి భలే ఉంటుంది గానీ వద్దు. అందులో దారం మాటిమాటికీ తెగుతుంది, గుండుసూదులు వంగిపోతాయి. నాకు బాధ డబ్బు పోయినందుకు కాదు. దారం తెగినప్పుడల్లా పిల్ల తనకే చేతకావడం లేదనుకుంటుంది. బొమ్మలాంటి చిన్న మిషన్లతోనూ ఇదే గొడవ. నిజంగా మిషనే కొనాలనుకుంటే, సర్వీసింగ్ చేయించిన పాత మిషన్ అయినా ఫర్వాలేదు, గట్టిదై ఉండాలి. తిన్నని కుట్టు, జిగ్‌జాగ్ (వంకరటింకర కుట్టు) వస్తే ఈ వయసుకి చాలు. జీన్స్ గుడ్డ నాలుగు మడతలు వేసి పట్టుకెళ్లి, దాని మీద కుట్టించి చూడు.

మిషన్ ఉంటే సూదులు ఇవ్వు. చిన్న కానుక అనుకోకు, అవి ఎప్పుడూ చాలవు. పల్చటి నూలుకి 70 నంబరు సూది, మామూలు గుడ్డకి 80 లేదా 90, జీన్స్‌కి 100. టీషర్టు గుడ్డకైతే మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది. ఎనిమిది గంటలు కుట్టాక సూది మార్చడం మంచిదని కూడా చెప్పు. కింది దారం చుట్టుకునే బాబిన్లు మాత్రం మిషన్ మోడల్ చూసుకుని కొను, కాస్త ఎత్తు తేడా ఉన్నా కుట్టు చెడుతుంది. కుట్లు విప్పే సీమ్ రిప్పర్ ఒకటి జత చెయ్యి, దాని అవసరం రోజూ పడుతుంది.

గుడ్డ విషయంలో నా అనుభవం చెబుతాను. నేను మిషన్ నేర్చుకుంటున్న ఏడాది మా అన్నయ్య ఎంతో ముచ్చటపడి రెండున్నర మీటర్ల శాటిన్ తెచ్చాడు. కత్తెర పెట్టడానికి చెయ్యి రాలేదు. చెడగొడతానేమోనని పెట్టె అడుగున దాచాను. ఎన్నో ఏళ్లకి తీసి పరిస్తే, మడతపెట్టిన చోటల్లా రంగు వెలిసి తెల్లటి గీతలు. ఆ గీతలు వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నాను. అందుకని పాపకి జారిపోయే ఖరీదైన గుడ్డ కొనకు. మామూలు నూలు గుడ్డ మూడు మీటర్లు కొను, చిన్న పువ్వులో చుక్కలో ఉన్నది. గళ్లు, చారలు అయితే అతుకు దగ్గర కలపడం కష్టం. కత్తిరించే ముందు ఒకసారి ఉతకమను, నూలు కుదించుకుపోతుంది. ఇచ్చేటప్పుడు "పాడైనా ఏం కాదు, ఇంకోటి కొందాం" అని పాపకి వినబడేలా చెప్పు. గుడ్డ కన్నా ఆ మాటే తనకి ఎక్కువ కావాలి.

కానుక చేతిలో పెడుతూనే "నాకు దిండు గలీబులు కుట్టిపెట్టు" అనకు. తనంతట తాను కుడతానంటే అది వేరు.

కత్తెర కొంటే బిల్లు దాచు. పాప వేళ్లకి పిడి బిగుతుగా ఉంటే మార్చుకోవాలి కదా. ఎలా ఉందో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ