పైత్యరస ఆమ్లాలు కాలేయ కణాల్లో కాల్షియం సంకేతాలను ఎలా మారుస్తాయి?

ఏ ఆమ్లం అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. అన్నిటినీ ఒకే గాటన కట్టలేం.

కాలేయ కణ ద్రవంలో కాల్షియం మామూలుగా 100 నానోమోలార్ (గాఢత కొలమానం) దగ్గర ఉంటుంది. బయట రక్తంలో దానికి సుమారు 10,000 రెట్లు. కణం లోపలి నిల్వ ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల సంచుల్లో ఉంటుంది. హార్మోన్ల సంకేతం అందితే ఐపీ3 అనే అణువు దాన్ని తెరుస్తుంది. పైత్యరస ఆమ్లాల్లో ఒకటైన లిథోకోలిక్ ఆమ్లం, ముఖ్యంగా టారిన్ అనే చిన్న అణువుతో కలిసిన దాని రూపం, ఐపీ3తో పని లేకుండానే ఆ కాల్షియాన్ని నిల్వ నుంచి కణ ద్రవంలోకి వదిలిస్తుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. నిల్వ తగ్గగానే స్టిమ్1 అనే ప్రొటీన్ పసిగట్టి, కణపొరలోని ఓరాయ్1 చానెళ్లను (కాల్షియం లోపలికి వచ్చే ద్వారాలను) తెరిపించాలి, బయటి నుంచి కాల్షియం రావాలి. లిథోకోలిక్ ఆమ్లం ఈ దారినీ అణచేస్తుంది. ఉన్నది పోయింది, కొత్తది రావడం లేదు! పైత్యరసాన్ని బయటికి పంపే రవాణా ప్రొటీన్లు సరైన చోటికి చేరడానికి కాల్షియం సాయం కావాలి కాబట్టి, స్రావం మందగించడానికి ఇదొక కారణమని భావిస్తారు.

మరో పైత్యరస ఆమ్లమైన ఉర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం (ఉర్సో) తీరు వేరు. దాని టారిన్ రూపం కాల్షియం ప్రవేశాన్ని పెంచి, ఆ ప్రొటీన్లు కణపొరకు చేరేలా చేస్తుంది. కాలేయంలోని పైత్యనాళాలు దెబ్బతినే ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్ అనే జబ్బుకు ఉర్సోను మందుగా ఇస్తారు. అలాగని దాని మేలంతా కాల్షియం ఖాతాలో వేయడం నా దృష్టిలో తొందరపాటే: ఈ ప్రయోగాల్లో చాలావరకు ఎలుకల కాలేయం నుంచి వేరుచేసిన కణాల మీద జరిగినవి.