రొమ్ములో క్యాన్సర్ కాని గడ్డలు ఎలాంటివారికి వస్తాయి?

24 ఏళ్లకే గడ్డ కనిపించిందని, వేలు పెడితే పక్కకు జారుతోందని రాశారు. ఏ పొరపాటు వల్ల వచ్చిందని అడిగారు. మీ పొరపాటేమీ లేదండీ. బిగుతు లోదుస్తులని, వేడి చేసిందని చెప్పేవారి మాట పట్టించుకోకండి. ఇక్కడ ముందు చూడాల్సింది వయసు.

నాకూ ఇంచుమించు ఆ వయసులోనే వచ్చింది. మాది పాలకొల్లు దగ్గర పల్లె. అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. పాలకొల్లులో చూపిస్తే ఎవరో ఒకరి కంట పడతామని అమ్మ భీమవరం తీసుకెళ్లింది. డాక్టరమ్మ చేత్తో పరీక్షించి, అల్ట్రాసౌండ్ తీయించి, సూది పరీక్ష చేయించారు. ఫైబ్రోఎడినోమా, అంటే క్యాన్సర్ కాని, పక్కకు జారే గడ్డ అని తేలింది. 15 నుంచి 35 ఏళ్లలోపు ఎక్కువగా కనిపించేది ఇదే. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ ప్రభావం ఉంటుంది కాబట్టి గర్భం వస్తే పెరగవచ్చు, ముట్లుడిగాక సాధారణంగా కుంచించుకుపోతుంది. నాది చిన్నది కావడంతో కోయలేదు, అప్పుడప్పుడు స్కాన్ తీసి చూసేవారు. త్వరగా పెరిగినా, బాగా పెద్దదైనా తీసేస్తారు.

మా వదినకు నలభై దాటాక వచ్చింది వేరు. నెలసరికి ముందు రెండు వైపులా సలపరం, చేతికి ముద్దలు తగలడం. వీటిని ఫైబ్రోసిస్టిక్ మార్పులంటారు, 30 నుంచి 50 ఏళ్లవారిలో ఎక్కువ. ఒక నీటితిత్తిని సూదితో లాగేశారు, అంతటితో సరి. బాలింతలకు వచ్చే చీముగడ్డ మరో రకం. జ్వరం, ఎర్రదనం ఉంటే పసుపు పట్టు వేస్తూ కూర్చోకూడదు.

క్యాన్సర్ భయం ఎంతన్నది రిపోర్టును బట్టి ఉంటుంది. మామూలు తిత్తులకు ముప్పు పెరగదు. బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) కణాలు మామూలుగానే ఉండి పెరుగుదల మాత్రమే ఎక్కువగా ఉంటే ముప్పు మిగతావారితో పోలిస్తే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. ఎటిపికల్ హైపర్‌ప్లేసియా (కణాలు ఎక్కువగా పెరగడమే కాక తేడాగా కూడా ఉండడం) అని రాసి ఉంటే సుమారు నాలుగు రెట్లు, అలాంటివారు క్రమం తప్పకుండా చూపించుకోవాలి. అమ్మకో అక్కకో చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. మన ఇళ్లలో దాచేది సరిగ్గా ఆ సంగతే!

గడ్డ గట్టిగా ఉండి కదలకపోయినా, చర్మం లోపలికి లాగినట్లున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చంకలో బిళ్ల తగిలినా పెళ్లిచూపులు అయ్యేదాకా ఆగకండి. ఖర్చుకు జంకితే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మీ వయసుకు ముందు అల్ట్రాసౌండే తీస్తారు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) సాధారణంగా నలభై దగ్గరపడ్డవారికి.