ఇంగ్లండు వెండి మీది ముద్రలు: మీరడిగారు, మేం చెబుతున్నాం

ప్ర: మా అత్తగారి పెట్టెలో ఆరు టీ స్పూన్లు దొరికాయి. కాడ వెనక వరసగా నాలుగు చిన్న ముద్రలున్నాయి. నడుస్తున్న సింహం, క్యాపిటల్ 'ఎఫ్', ఒక రాజు తల, చివర రెండు వరసల్లో పైన డబ్ల్యు.ఇ., కింద డబ్ల్యు.ఎఫ్. లండన్ వెండి అయితే చిరుతపులి మొహం ఉండాలని ఎక్కడో చదివాను. వీటి మీద అది లేదు. నకిలీవంటారా?
– ఒక పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ

జ: మీరు చెప్పినదాన్ని బట్టి అసలైనవేనండీ. 1800 ప్రాంతంలో టీ స్పూన్లలాంటి చిన్న సామానుకి లండన్‌లో చిరుత మొహం కొట్టకుండా వదిలేయడం మామూలే. ఊరి గుర్తు కనబడకుండా సింహం, అక్షరం, రాజు తల మాత్రమే ఉంటే ముందు లండన్ పట్టికే (ఏ ఏడాదికి ఏ అక్షరం కొట్టారో చూపేది) తీసి చూడాలి.

ఇక ఆ పొడి అక్షరాల సంగతి. అందరూ వాటితోనే మొదలుపెడతారు, అక్కడే దారి తప్పుతారు. ఒకే జత అక్షరాలు పదిమంది పనివాళ్ళకుంటాయి. 'ఎవరు' అన్నది తేలాలంటే ముందు 'ఎక్కడ', 'ఎప్పుడు' తేలాలి. అందుకే తయారీదారు ముద్రని ఆఖర్న చదవాలి.

మొదట సింహం. కుడికాలు ఎత్తి పక్కకి నడిచే సింహం ఉంటే ఇంగ్లండులో పరీక్షించిన స్టెర్లింగ్, అంటే మన కొట్ల భాషలో 92.5 టచ్. 1544 నుంచీ ఈ గుర్తు ఉంది. (1697 నుంచి 1720 దాకా మాత్రం 95.8 టచ్ తప్పనిసరి చేశారు. ఆ కాలపు సామాను మీద సింహానికి బదులు కూర్చున్న బ్రిటానియా బొమ్మ, మెడ దగ్గర తెగిన సింహం తల ఉంటాయి.) తరవాత ఊరు. చిరుత మొహం లండన్, లంగరు బర్మింగ్‌హామ్, కిరీటం షెఫీల్డ్. బర్మింగ్‌హామ్, షెఫీల్డ్‌లలో పరీక్షా కేంద్రాలు (వెండి టచ్ చూసి ముద్ర వేసే చోట్లు) 1773లో మొదలయ్యాయి, కాబట్టి లంగరు ఉన్న వస్తువు అంతకన్నా పాతదని ఎవరైనా అంటే నమ్మకండి. మూడు గోధుమ పనలూ కత్తీ ఉంటే చెస్టర్. మూడు బురుజుల కోట అయితే ఎక్సెటర్, మూడు విడివిడి కోటలైతే న్యూకాజిల్.

మూడోది రాజు తల. ఇది పన్ను కట్టినట్టు రసీదు. 1784 డిసెంబర్‌లో మొదలై 1890లో పోయింది. మొదటి ఏడాదిన్నర తల లోపలికి గుంటపడి ఎడమవైపు చూస్తుంది. ఆ తరవాత జార్జ్, విలియం రాజులందరూ కుడివైపు చూస్తారు, విక్టోరియా రాణి ఎడమవైపు చూస్తుంది. ఈ ఒక్క ముఖం ఎటు తిరిగిందో చూసుకుంటే పట్టికలో సగం పేజీలు తిప్పే పని తప్పుతుంది.

ఇప్పుడు సంవత్సరాక్షరం. లండన్ వాళ్ళు 'ఏ' నుంచి 'యు' దాకా, 'జె' వదిలేసి, ఇరవై అక్షరాలు వాడి మళ్ళీ మొదటికొచ్చేవారు. ప్రతి చుట్టుకీ రాత తీరు మార్చేవారు. 1796లో మామూలు క్యాపిటల్ 'ఏ' తో మొదలైన చుట్టులో 'ఎఫ్' 1801కి వస్తుంది. అదే చిన్న బడి 'ఎఫ్' అయితే 1821, గోథిక్ (ఒత్తుగా, కోణాలుగా ఉండే పాత రాత) క్యాపిటల్ 'ఎఫ్' అయితే 1841. అక్షరం ఒకటే, రాత తీరు తప్పుగా చూస్తే ఇరవై ఏళ్ళు తేడా వస్తుంది. మీ 'ఎఫ్' గోథిక్ అయితే దాని పక్కన ఎడమవైపు చూసే రాణి ఉండాలి. మీ దగ్గరున్నది రాజే అంటున్నారు కనుక ఆ అనుమానం తీరింది. అప్పట్లో అక్షరం మే నెలలో మారేది, అందుకని తేదీని 1801–02 అని రాసుకోండి.

ఇప్పుడు పొడి అక్షరాలు చూడండి. విలియం ఈలీ, విలియం ఫెర్న్ అనే ఇద్దరు స్పూన్ల పనివాళ్ళు 1797లో కలిసి ఈ ముద్ర వేయించుకున్నారు. 1808లో విలియం చానర్ చేరినప్పుడు మూడో వరసలో డబ్ల్యు.సి. వచ్చింది, 1814 దాకా అలా నడిచింది. మీ స్పూన్ల మీద రెండే వరసలు, అక్షరం 1801. అన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయి. మూడు వరసలుండి 'ఎఫ్' ఉంటే అప్పుడు అనుమానించాలి.

ఒక పని మాత్రం చెయ్యండి. ఆరు స్పూన్లనీ పక్కపక్కన పెట్టి ముద్రల మధ్య ఎడం చూడండి. పనివాడి ముద్రని మిగతావాటితో కాకుండా విడిగా కొడతారు, కాబట్టి ఒక స్పూన్‌కీ ఇంకో స్పూన్‌కీ దాని వంకరలో, ఎడంలో కాస్త తేడా ఉండాలి. ఆరింటి మీదా అచ్చు గుద్దినట్టు ఒకే చోట, ఒకే గీతతో సహా ఉంటే ఒకదాన్ని అచ్చుగా పెట్టి పోతపోశారని అర్థం.

ప్ర: పాత సామాను అమ్మే ఒకాయన ఒక మగ్గు చూపించి, అడుగున ఉన్నది హెస్టర్ బేట్‌మన్ ముద్ర అంటున్నారు. బాగా అరిగిపోయి ఒక వంపు మాత్రమే కనిపిస్తోంది. నిర్ధారించుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, మహారాణిపేట

జ: ఆ పేరు చెబితే ధర పెరుగుతుంది, అందుకని ఆ పేరు కాస్త ఎక్కువగానే వినిపిస్తుంది. ఆవిడ లండన్‌లో పేరుమోసిన వెండి సామాను తయారీదారు. ముద్రలో 'హెచ్', 'బి' రెండూ కలిపిరాత అక్షరాలు. 1761లో నమోదు చేయించారు, 1790లో పని మానుకున్నారు. సంవత్సరాక్షరం ఆ తరవాతి కాలానిది అయితే బేరం అక్కడే ఆపేయండి. 1791 నుంచి అదే కుటుంబంలో పీటర్, ఆన్ పేర్లతో పైన పి.బి., కింద ఎ.బి. వస్తాయి. 1800లో విలియం చేరాక మూడు వరసలు.

అరిగిన ముద్ర చదవడానికి ముందు గోరువెచ్చని నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తని గుడ్డ. అంతకు మించి రుద్దొద్దు. తడి ఆరాక గది చీకటి చేసి, ఫోన్ టార్చిని ముద్రకి పక్కగా, వెండికి దాదాపు ఆనించినట్టు పట్టుకోండి. పైనుంచి వెలుగు పడితే అంతా తెల్లగా మెరిసిపోయి ఏమీ కనబడదు, పక్కనుంచి పడితే గుంటల్లో నీడ నిలుస్తుంది. వస్తువుని మెల్లగా తిప్పుతూ పది రెట్లు చూపే భూతద్దంతో నాలుగు వైపుల నుంచీ చూడండి. ఒక గీత ఒక వైపు నుంచే కనిపిస్తుంది, రెండో గీతకి ఇంకోవైపు తిప్పాలి. అప్పటికీ తేలకపోతే చిటికెడు టాల్కం పౌడర్ వేలితో ముద్రలోకి అద్ది, పైపైన గుడ్డతో ఒక్కసారి తుడవండి. గుంటలో మిగిలిన పౌడర్ అక్షరాన్ని చూపిస్తుంది. ఫోటో తీశాక కడిగేయండి.

అక్షరం పోయినా చుట్టూ ఉన్న గడి ఆకారం సాధారణంగా మిగులుతుంది. దీర్ఘచతురస్రమా, అండాకారమా, మూలలు కోసినట్టుందా, రెండక్షరాల మధ్య చుక్క ఉందా, ఇవన్నీ రాసుకోండి. పట్టికలో ఒకే జత అక్షరాలున్న ఇద్దర్ని విడదీసేవి ఇవే. ముద్రని తలకిందులుగా కూడా చదివి చూడండి, 'ఎం' అనుకున్నది 'డబ్ల్యు' కావచ్చు. పనివాడి ముద్ర వర్క్‌షాపులో పడుతుంది, మిగతావి పరీక్షా కేంద్రంలో పడతాయి. అందుకే అది సింహానికి ఎదురుదిశలో ఉండటం తప్పేమీ కాదు.

ఇంకో సంగతి. లండన్‌లో 1773కి ముందు సుమారు పదిహేనేళ్ళకి సంబంధించిన, పెద్ద పాత్రల పనివాళ్ళ నమోదు పుస్తకం కనబడకుండా పోయింది. ఆ కాలపు ముద్రకి పుస్తకాల్లో 'బహుశా ఫలానా' అని ఉంటే అది వాళ్ళ ఊహేనని గుర్తుపెట్టుకోండి.

కొనే ముందు ముద్రలున్న చోట నోటి ఆవిరి ఊదండి. ముద్రల చుట్టూ సన్నని గీత ఒక చతురస్రంలా తేలితే, చిన్న వస్తువు నుంచి కోసిన ముక్కని ఇక్కడ అతికించారన్నమాట. పన్ను ఎగ్గొట్టడానికి ఆ రోజుల్లోనే ఈ పని చేసేవారు, ఈ రోజుల్లో ధర కోసం చేస్తారు.

ప్ర: ట్రే వెనక నాలుగు గడుల్లో నాలుగు గోథిక్ అక్షరాలు, పక్కన కిరీటం ఉన్నాయి. 'షెఫీల్డ్ సిల్వర్' అని ఇచ్చారు. కురుపాం మార్కెట్‌లో కొట్టువాళ్ళు వెండే కాదంటున్నారు.
– గాజువాక

జ: కొట్టువాళ్ళదే నిజం. ఆ నాలుగు అక్షరాలూ ఇ.పి.ఎన్.ఎస్. అయి ఉంటాయి. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం మీద కరెంటుతో పూసిన వెండి పూత అది. దూరం నుంచి హాల్‌మార్కులా కనిపించాలనే అలా గడుల్లో కొట్టేవారు. బర్మింగ్‌హామ్‌లోని ఎల్కింగ్టన్ కంపెనీ వాళ్ళు 1840లో పేటెంటు తీసుకున్నాక ఈ సామాను ఊళ్ళ మీద పడింది. షెఫీల్డ్ కిరీటం అసలైనదైతే దాని పక్కన సింహం ఉండాలి. సింహం లేని కిరీటాన్ని నమ్మొద్దు. అంచుల దగ్గర ఎర్రగా రాగి కనిపిస్తే అది అంతకన్నా పాతదైన ఓల్డ్ షెఫీల్డ్ ప్లేటు, అంటే రాగి రేకు మీద వెండి రేకు కలిపి సాగదీసినది, అయి ఉండొచ్చు. అలాంటిదైతే దానికి వేరే గిరాకీ ఉంది. మళ్ళీ పూత వేయించి పాడుచెయ్యకండి.

ప్ర: గ్లాసు అడుగున 'హెచ్ & కో', ఒక ఏనుగు, ఒక అక్షరం. లండన్ పట్టికలో ఆ అక్షరం ఎక్కడా కుదరడం లేదు.
– భీమునిపట్నం

జ: కుదరదు, అది కలకత్తాలోని హామిల్టన్ కంపెనీ సామాను. మన దేశంలో అప్పట్లో వెండికి పరీక్షా కేంద్రం లేదు, కాబట్టి ఇక్కడి తెల్లవాళ్ళ కొట్లు తమ సొంత గుర్తులు కొట్టుకునేవి. ఆ అక్షరానికి లండన్ సంవత్సరంతో సంబంధం లేదు. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి మద్రాసు పి. ఓర్ & సన్స్ పేరున్నవి కూడా మీకు తగలొచ్చు. వాటిమీద పేరే కొట్టి ఉంటుంది. టచ్ ఎంతో ముద్ర హామీ ఇవ్వదు గనక హాల్‌మార్కింగ్ కేంద్రంలో ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేలతో లోహాన్ని పరీక్షించే) మిషన్ మీద చూపించండి, గీటురాయి మీద గీయనివ్వకండి. కరిగించే ధరకి మాత్రం ఇవ్వొద్దు. ఈ కొట్ల సామానుకి విడిగా సేకరించేవాళ్ళున్నారు.

ప్ర: జత కొవ్వొత్తి స్టాండ్లు తూకానికి కిలో పైనే వచ్చాయి. కొట్టువాళ్ళు అందులో మూడోవంతు బరువుకి కూడా వెండి ధర కట్టలేమంటున్నారు. మోసమా?
– అనకాపల్లి

జ: కాకపోవచ్చు. పల్చని రేకుతో ఒత్తిన స్టాండ్ల లోపల నిలకడ కోసం లక్కలాంటి జిగురు, ఒక్కోసారి ఇనప ఊచ నింపుతారు. అడుగున గుడ్డో చెక్కో అతికించి ఉంటే లోపల నింపారనే అర్థం. కత్తుల పిడులూ అంతే. తూకాన్ని బట్టి ధర కట్టకూడదు, లోపలి సరుకు తీసేస్తే మళ్ళీ నిలబడవు.

ప్ర: సముద్రం పక్కనే ఇల్లు. ఇలాంటి పాత వెండి వస్తువులు నెల తిరక్కుండా నల్లబడుతున్నాయి. విభూతితో తోమితే ఫరవాలేదా?
– పెదవాల్తేరు

జ: పూజ సామానుకి తోమినట్టు వీటికి తోమకండి. విభూతి, పళ్ళపొడి, చింతపండు-ఉప్పు, ఏదైనా సరే ప్రతిసారీ ముద్రని కాస్త అరగదీస్తుంది. ముద్ర పోతే మిగిలేది వెండి బరువే. తేమ గాలిలో గంధకం వాయువులు వెండిని త్వరగా పట్టుకుంటాయి, అందుకే మీ వీధిలో తొందరగా నల్లబడుతుంది. ఆమ్లం లేని టిష్యూ కాగితంలో చుట్టి, జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. రబ్బరు బ్యాండ్ వెయ్యొద్దు, రబ్బరులో గంధకం ఉంటుంది, బ్యాండ్ తగిలిన చోట నల్ల చార పడుతుంది. ముద్రల మీద పాలిష్ అసలు వద్దు.

ప్ర: ఇలాంటి పాత వెండి స్పూన్లు లండన్‌లో ఉన్న మా అమ్మాయికి పంపొచ్చా?
– సీతమ్మధార

జ: నూరేళ్ళు దాటిన కళావస్తువులు 1972 పురావస్తు చట్టం కిందకి వస్తాయి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఇంగ్లండులో తయారైనదే కదా అని సూట్‌కేసులో పెట్టేస్తే విమానాశ్రయంలో ఆపే అవకాశం ఉంది. ముందుగా ముద్రల ఫోటోలు, మొత్తం వస్తువు ఫోటో, కొలతలు తీసుకుని భారత పురావస్తు శాఖ కార్యాలయంలో అడగండి. సంవత్సరాక్షరాన్ని బట్టి వయసు నూరేళ్ళకు లోపే అని తేలితే 'పురావస్తువు కాదు' అన్న ధ్రువపత్రం కోసం దరఖాస్తు చెయ్యొచ్చు. పైన చెప్పిన 1801 నాటి స్పూన్లలాంటివాటికి మాత్రం ఆ దారి లేదు, అమ్మాయి వచ్చినప్పుడు ఇక్కడే వాడుకోమనండి.